ఎవరూ కోరని తీర్పు

పూర్వం, నదులు తమ పేర్లను తామే పలుకుతూ ప్రవహించేవని పెద్దలు చెప్పే యుగంలో, వింధ్యాచలానికి ఉత్తరాన, హిరణ్యసికత అనే పుణ్యనదీతీరాన మంద్రావతి అనే నగరం ఉండేది. ఆ నగరాన్ని ఏ రాజూ ఏలలేదు. భూదేవిని దున్ని ధాన్యలక్ష్మిని ఇంటికి తెచ్చుకొనే కర్షకులు, గోసంపదనే ప్రాణంగా కాపాడుకొనే గోపాలకులు, నదీమతల్లి ఒడిలో పుట్టి ఆ ఒడిలోనే కన్నుమూసే నావికులు, ఈ మూడు శ్రేణులవారూ ఒక గణంగా కూడి, తమను తామే పాలించుకొనేవారు. ఏ విషయంలోనైనా మాట తెగకపోతే సభామంటపంలో రెండు కలశాలు నిలిపి, తలా ఒక శలాకను, అంటే సన్నని వెదురుపుల్లను, తమకు నచ్చిన కలశంలో వేసి, ఎటు ఎక్కువ పుల్లలు పడితే అటు నడుచుకొనేవారు. మూడు శ్రేణులూ సంఖ్యలో ఇంచుమించు సమానం కావడం వల్ల, ఏ రెండు ఒకటైనా మూడోది తలవంచవలసిందే.

ఆ నది పుట్టినచోట ఉపశ్రవుడనే మహర్షి, జలధ్వనిలో ప్రణవనాదాన్ని ఆలకిస్తూ చిరకాలంగా తపస్సు చేస్తుండేవాడు. ఒక వర్షర్తువులో హిరణ్యసికత పొంగి, గట్లు తెంచుకొని, ఆ మహాతపస్వి పర్ణశాలను కూల్చి, ఆయన ఏనాడూ ఆరనివ్వని అగ్నిహోత్రాన్ని ముంచేసింది. సమాధినుంచి లేచిన ఉపశ్రవుడు, తడిసిన బూడిదను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసి, కన్నులు ఎర్రబడగా కమండలువు చాచి, ఆ నదిని అంతటినీ అందులోకి పిలిచాడు. నది వెళ్ళిపోయింది. ఇసుక మిగిలింది. కాని విచిత్రమేమంటే, ఎండిన ఆ ఇసుక కింద నీటి గలగల మాత్రం వినిపిస్తూనే ఉండేది. దప్పికతో పిల్లలు ఇసుకకు చెవి ఆనించి పడుకొనేవారు. తల్లులు వారిని లేపి, ఎత్తుకొని ఇంటికి తీసుకుపోయేవారు.

గణపెద్దలు ముగ్గురూ వెళ్ళి మహర్షి పాదాలపై పడ్డారు. కర్షకుల పెద్ద సీరభద్రుడు, గోపాలకుల పెద్ద వత్సకేతుడు, నావికుల పెద్ద అరిత్రుడు.

వారిని చూసి ఉపశ్రవుడు ఇట్లన్నాడు. "మీ నది నాకు నిలువనీడ లేకుండా చేసింది. కనుక మీ తీరంలోనే నాకొక చోటు ఇవ్వండి. మీ పల్లపు పొలాలైనా సరే, పచ్చికబయలైనా సరే, పడవలరేవైనా సరే. నేనున్నచోట నాగలి సాగరాదు, పశువు గిట్ట మోపరాదు, తెడ్డు చప్పుడు వినిపించరాదు. ఏ చోటు ఇస్తారో మీ గణమంతా కూడి తేల్చుకోండి. తేల్చుకొని చెప్పిన క్షణాన నదిని విడిచిపెడతాను."

చిన్న కోరికే అనుకొని వారు సంతోషంగా తిరిగివచ్చారు. అక్కడే చిక్కు మొదలైంది.

పొలాలు పోతే కర్షకులకు బతుకు లేదు. పశువులు పైరు తొక్కుతున్నాయని వారికి ఎప్పటినుంచో గుర్రుగా ఉండడంవల్ల, పచ్చికబయలు ఇచ్చేద్దామని, అది కాకుంటే రేవు ఇద్దామని వారన్నారు. పచ్చిక పోతే గోపాలకులకు బతుకు లేదు. పొలాలు పోతే ఎండుగడ్డీ దొరకదు కనుక, వారు రేవు ఇవ్వమన్నారు. రేవు పోతే నావికులకు బతుకు లేదు. ధాన్యం ఎగువ దేశాలనుంచి తెచ్చుకోవచ్చు గాని, తమ పడవల్లో పరదేశాలకు పోయే నెయ్యికి మంద్రావతి గోవులే దిక్కు కనుక, వారు పొలాలు ఇవ్వమన్నారు.

సభ కూడి రేవును ఇద్దామనుకొంటే, కర్షకులూ నావికులూ ఒకటై, రేవుకంటె పచ్చిక ఇవ్వడం మేలని లేచేవారు. పచ్చిక ఇద్దామనుకొంటే, గోపాలకులూ నావికులూ ఒకటై, పచ్చికకంటె పొలాలు మేలనేవారు. సరే, పొలాలే ఇద్దామంటే, కర్షకులూ గోపాలకులూ ఒకటై, పొలాలకంటె రేవు మేలనేవారు. ఏ నిర్ణయం చేసినా దాన్ని కాదనేవారే ఎక్కువమంది. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు సభ తిరుగుతూ ఉండగా బావులు అడుగంటాయి, లేగదూడలు నాలుకలు బయటపెట్టి కూలిపోసాగాయి. ఎవరికీ నిద్ర లేదు. ఎవరైనా సరే, ఏదైనా సరే, తేల్చేస్తే చాలుననే స్థితికి జనం వచ్చేశారు.

అటువంటి ఒక మిట్టమధ్యాహ్నం, సూర్యభగవానుడు నడినెత్తిన నిలిచి ఎవరి నీడ వారి పాదాల కిందే ఇంకిపోయే వేళ, సభామంటపంలో కలశాల పక్కన ఒక పురుషుడు నిలబడి ఉన్నాడు. అతడు ఎటునుంచి వచ్చాడో ఎవరూ చూడలేదు. అతడి ముఖం అందరూ ఎరిగిన ముఖంలాగే ఉంది. కర్షకులు అతణ్ణి గోపాలకుడనుకొన్నారు. గోపాలకులు అతణ్ణి నావికుడనుకొన్నారు. నావికులు, కర్షకులలో ఎవరో పెద్దమనిషి అయివుంటాడనుకొన్నారు.

"నేను శలాకాధరుణ్ణి. మీ పుల్లలు పట్టేవాణ్ణి," అన్నాడతడు. ఆ కంఠం ఒక్కడిదిలా లేదు. చాలామంది ఒకేసారి మెల్లగా మాట్లాడుతున్నట్టుంది. "ప్రశ్నల వరుస నాకు విడిచిపెట్టండి. రెండేసి మాటలు ఎదురెదురుగా పెడతాను. నెగ్గినదాన్ని తరువాతి మాటతో పెడతాను. ఒకసారి ఓడిన మాటను మళ్ళీ ఎవరూ ఎత్తరాదు. ఇదొక్కటే నియమం. చివరకు మిగిలినదే గణం కోరిక."

అలసిపోయిన జనం హమ్మయ్య అనుకొని ఒప్పుకొన్నారు.

శలాకాధరుడు మొదట రేవునూ పచ్చికనూ ఎదురెదురు పెట్టాడు. పచ్చిక ఇవ్వడమే నెగ్గింది. తరువాత పచ్చికనూ పొలాలనూ పెట్టాడు. పొలాలు ఇవ్వడం నెగ్గింది. కర్షకుల గుండెలు జారిపోయాయి. అప్పుడతడు పెదవులు కదపకుండానే అన్నాడు. "ఇక చివరి ప్రశ్న. పొలాలు ఇవ్వడమా? లేక, రేవుతోపాటు తారిణి గొంతును కూడా ఇవ్వడమా?"

తారిణి అంటే నావికులలో ఒక ఒంటరి స్త్రీ. మధ్యవయస్కురాలు, నా అన్నవారు లేనిది. మంచు కమ్మిన ఉదయాల్లో రేవుగట్టున నిలబడి ఆమె కేక వేస్తే, ఆ కేకను పట్టుకొని దారితప్పిన పడవలు ఒడ్డుకు చేరేవి. ఆ సభలో ఉన్నవారిలో ఆమె కేక విని ప్రాణాలతో ఒడ్డెక్కనివారు తక్కువ. ఆమెను మహర్షి దగ్గరకు పంపి, జీవితాంతం మాట లేకుండా, తిరిగిరాకుండా చేయడం ఆ ప్రశ్నకు అర్థం.

"రేవు మాట మొదటే ఓడిపోయిందిగా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఓడింది రేవు ఒక్కటే. ఇది వేరే మాట," అన్నాడు శలాకాధరుడు.

కర్షకులు నేల చూస్తూ లేచారు. పొలాలు పోకుండా ఉంటే చాలునని ఆ రెండో కలశంలో పుల్లలు వేశారు. ఎండుగడ్డి కోసం గోపాలకులూ అందులోనే వేశారు. పుల్లలు పడుతున్న చప్పుడు ఎండుటాకుల మీద ఏదో పాకుతున్నట్టు వినిపించింది. అది ఆగాక శలాకాధరుడు, "గణం కోరింది," అన్నాడు. అతడు అన్నప్పుడు సభలో ఉన్న ప్రతివారి పెదవులూ, తమకు తెలియకుండానే, అవే మాటలుగా కదిలాయి.

తారిణి స్తంభాన్ని ఆనుకొని నిలబడి అంతా విన్నది. ఆమెకు కోపం రాలేదు. నమ్మలేనట్టుగా చుట్టూ చూసి, తిన్నగా నడుచుకొంటూ సీరభద్రుడి ఎదుటకు వచ్చింది.

"తాతా, నా గొంతు పోవాలని నీకుందా?"

ఆ ముసలివాడు చేతులు జోడించాడు. "అంత మాట అనకు తల్లీ. వరదలో నా కొడుకు పడవను ఒడ్డుకు తెచ్చింది నీ కేకే. నాకెందుకుంటుంది?"

"రేవు ఒక్కటే ఇస్తే సరిపోతుందా, నన్నుకూడా ఇస్తేగాని సరిపోదా? నిన్నడిగితే ఏమనేవాడివి?"

"రేవు ఒక్కటే చాలుననేవాణ్ణి. నిన్ను పంపి నాకొరిగేదేముంది? కాని అలా ఎవరూ అడగలేదుగదమ్మా."

ఆమె వత్సకేతుడి దగ్గరకు వెళ్ళింది. "అన్నా, నువ్వో?"

"నేనూ అంతే చెల్లీ. నాకు గడ్డి కావాలి. నీ గొంతుతో నాకేం పని?"

"మామా," అని ఆమె అరిత్రుడివైపు తిరిగింది. తన శ్రేణిపెద్ద కన్నీరు తుడుచుకొంటున్నాడు. "నా సంగతి అడగనే వద్దు," అన్నాడాయన.

"మరి మీరెవరూ కోరకపోతే, కోరిందెవరు?"

ముగ్గురూ ఒక్కసారే, ఒకే గొంతుతో, "గణం," అన్నారు. అన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఆ గొంతు వారిది కాదు. కలశాల పక్కన నిలబడిన పురుషుడు ఇందాకటికంటె కొంచెం ఎత్తుగా ఉన్నట్టు తారిణికి తోచింది.

తీర్పు తీర్పే కనుక ఆమె ఎవరి తోడూ కోరక, ఎండిన నదిగర్భం వెంటనే మహర్షి ఉన్న కొండకు బయలుదేరింది. పాదాల కింద నీటి గలగల ఆమెతోనే నడిచింది. ఒక్కొక్కప్పుడు ఆ గలగల మాటల్లా వినిపించేది. నేను కాదు, నేను కాదు, అని ఎవరెవరో గొణుగుతున్నట్టు. ఆమె చెవులు మూసుకొని నడిచింది.

ఉపశ్రవ మహర్షి ఆమెను చూసి ఆశ్చర్యపోయి, "ఎవరమ్మా నీవు? ఎందుకొచ్చావు?" అని అడిగాడు.

"గణం పంపితే వచ్చాను స్వామీ. రేవుతోపాటు నా గొంతును మీకు ఇచ్చేశారు."

మహర్షి చివాలున లేచి నిలబడ్డాడు. "నేను చోటు అడిగాను. మనిషిని అడగలేదు. నదిని ఎండబెట్టినందుకే రాత్రింబవళ్ళు నా మనసు పీకుతోంది. ఒక ఆడకూతురి మాటను మింగి నేనెక్కడ జపం చేసుకొంటాను? నిన్ను పంపమన్నదెవరు?"

తారిణికి ఆ కొండగాలిలోనే ఒళ్ళంతా చెమటపట్టింది. పంపినవారు కోరలేదు. తీసుకొనేవాడు కోరలేదు. అయినా తను వచ్చింది.

ఆమె చెప్పినదంతా విని, మహర్షి కన్నులు మూసి ధ్యానదృష్టితో చూశాడు. చూస్తూండగా ఆయన ముఖం పాలిపోయింది.

"పుత్రీ, వాడి పేరు అకర్తృకుడు. పూర్వకల్పంలో దానవులందరూ సభచేసి, తమను పెంచిన గురువును అడవిలోకి తరిమేశారు. తరిమాక ఒక్కొక్కరే, నేను కాదు, సభ చేసింది అన్నారు. ఆ మాటలనుంచి పుట్టిన పిశాచం వాడు. చేసినవాడు లేని పని ఎక్కడ జరిగితే అక్కడ వాడు దాన్ని తిని పెరుగుతాడు. వాడికి సొంత ముఖం లేదు. నేను శపించినా తగలదు. తగలడానికి అక్కడ ఎవరూ లేరు."

"మరి వాణ్ణి వెళ్ళగొట్టేదెట్లా స్వామీ?"

"వాడు తిన్నదాన్ని ఎవరిది వారు వెనక్కి తీసుకోవాలి. అది నేను చేయగలిగింది కాదు. వెళ్ళు. నీ గొంతు నీదే." తల వంచుకొని ఆయన మళ్ళీ అన్నాడు. "తేల్చుకొని రండని మీ మీద పడేసి నేనిక్కడ హాయిగా కూర్చొన్నాను. ఇందులో నా పాలూ ఉంది."

మరుసటి మధ్యాహ్నానికి తారిణి తిరిగివచ్చింది. సభ కూడే ఉంది. ఎవరూ ఇళ్ళకు వెళ్ళినట్టు లేదు. అందరూ ఒకే తీరున, చేతులు మోకాళ్ళపై పెట్టుకొని, ఒకే వైపు చూస్తూ కూర్చొన్నారు. శలాకాధరుడు మంటపం పైకప్పును తాకేంత పెరిగాడు. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా జనమంతా ఊపిరి పీలుస్తున్నారు.

"ఒక ప్రశ్న అడగాలి," అన్నది తారిణి.

"ఓడిన మాట ఎత్తరాదు," అన్నాడు వాడు. "ఎత్తరాదు," అని సభ గొణిగింది.

కాని పొగమంచులో నిలబడి కనిపించని మనుషులను పిలవడం తారిణి జీవితమంతా చేసిన పనే. ఆమె వాడివైపు చూడలేదు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవసాగింది. "సీరభద్ర తాతా! ఇటు చూడు. పుల్ల వేసింది నీ చెయ్యి. గణానికి చెయ్యి లేదు. నువ్వేం చేశావో నీ నోటితో నాకు చెప్పు. అంతే నేనడిగేది."

సీరభద్రుడి దవడలు బిగుసుకుపోయాయి. నీళ్ళలోంచి తల పైకెత్తినవాడిలా రొప్పుతూ, చివరకు అన్నాడు. "నేను... నేను సీరభద్రుణ్ణి. నా పొలం దక్కాలని, నువ్వు పోయినా పరవాలేదని, నేను పుల్ల వేశాను."

ఆ మాట ముగియగానే శలాకాధరుడి నుదురు కరిగిపోయింది. అది సీరభద్రుడి నుదురే. అంతవరకూ ఎవరూ గుర్తుపట్టలేదు. ఇప్పుడు ఆచోట ఏమీ లేదు. వెనక ఉన్న స్తంభం కనిపించింది.

వత్సకేతుడు లేచాడు. "నేను వత్సకేతుణ్ణి. గడ్డి కోసం నేను వేశాను," అన్నాడు. శలాకాధరుడి కళ్ళు పోయాయి. తరువాత ఒక బాలెంత లేచింది. ఒక ముసలి గొల్ల లేచాడు. అరిత్రుడు లేచి, "నేను ఆ కలశంలో వేయలేదు. కాని నోరు విప్పలేదు. ఆ నియమానికి తల ఊపింది నేనే," అన్నాడు. ఒక్కొక్కరి మాటకు వాడి దవడా, చెవులూ, భుజాలూ ఎవరివి వారికి చేరిపోసాగాయి. కొందరు చెప్పలేక ఏడ్చారు. కొందరు చెప్పి స్పృహతప్పి పడిపోయారు. చిట్టచివర గాలిలో ఒక నోరు మాత్రం మిగిలి, పసిపిల్లవాడి గొంతుతో, "నేను కాదు," అంది. దానికి ఎవరూ తోడు పలకలేదు. అదీ పోయింది.

అప్పుడు తారిణి రెండు కలశాలు నిలబెట్టి, రేవు ఒక్కటేనా, రేవుతోపాటు తన గొంతు కూడానా అని, అడగవలసిన ప్రశ్న అడిగింది. పుల్లలన్నీ ఒకవైపే పడ్డాయి. ఒక్కరు కూడా ఆమె గొంతు పోవాలని వేయలేదు.

అంతట మంటపం తెల్లని వెలుగుతో నిండి, శ్వేతపద్మాసన, వీణాపాణి, చతుర్ముఖుని జిహ్వాగ్రాన నివసించే వాగ్దేవి ప్రత్యక్షమై, "తారిణీ, మాటను మనిషికి తిరిగి ఇచ్చావు. వరం కోరుకో," అన్నది.

"తల్లీ, రేవా పొలాలా పచ్చికా అన్న చిక్కు ఇంకా అలాగే ఉంది. మా అందరి కోరికలనూ కూర్చి, ఎన్నడూ తడబడని ఒకే కోరికగా చేసే విధానం ఏదైనా అనుగ్రహించు."

వాగ్దేవి ముఖంలో విచారం కనిపించింది. "అది నావల్ల కాదు బిడ్డా. నా పతి బ్రహ్మవల్ల కూడా కాదు. అటువంటి విధానం సృష్టిలో లేదు. అలా తడబాటే లేకుండా కావాలంటే, ఎవడో ఒక్కడి కోరికనే అందరి కోరిక అని పిలవాలి. అప్పుడు సభ ఉండదు. వాడొక్కడే ఉంటాడు. మరొకటి కోరుకో."

"అయితే తల్లీ, మాలో ఎవరైనా గణం కోరిందని చెప్పి తప్పుకోబోతే, వారి నాలుకమీద ఆ మాట నిలవకూడదు. వారి పేరే రావాలి. ఎవరికి నష్టమో వారి ముఖం చూసే చెప్పాలి."

"తథాస్తు," అని ఆ తల్లి అంతర్థానమైంది.

సీరభద్రుడు గొంతు సవరించుకొని, "గణం మేలుకోరి..." అని మొదలుపెట్టబోయాడు. నాలుక మడతపడింది. తల తనంతట తానే అరిత్రుడివైపు తిరిగింది. "నేను సీరభద్రుణ్ణి. నా పొలం నిలవడానికి నీ రేవు పోవాలని కోరుతున్నాను అరిత్రా. నీ మనుమలు ఏం తింటారో నేనాలోచించలేదు." చెప్పి, తన నోటిని తానే చేత్తో మూసుకొన్నాడు.

వత్సకేతుడూ అట్లే చెప్పవలసివచ్చింది. అరిత్రుడూ సీరభద్రుడి ముఖం చూస్తూ, అతడి పొలాలు పోవాలని తాను కోరిన సంగతి చెప్పవలసివచ్చింది. ఆ సాయంత్రందాకా మంద్రావతిలో ఎవరి మాట వారు, ఎదుటివారి కళ్ళలోకి చూస్తూ చెప్పుకొన్నారు. అంత కష్టమైన సభ ఆ గణం ఎన్నడూ చేయలేదు.

పొద్దు వాలుతుండగా అరిత్రుడు లేచాడు. "రేవు ఇస్తున్నాను. గణం అడిగితే ఇచ్చేవాణ్ణి కాను. మీరిద్దరూ నా ముఖం చూసి అడిగారు కనుక ఇస్తున్నాను. కాని నా వాళ్ళకు దిగువన మరో రేవు కావాలి."

సీరభద్రుడు నదివెంట ఉన్న తన పొలంలో ఒక నేలచెక్క విడిచిపెట్టాడు. ఇంకొందరు విడిచారు, కొందరు విడవలేదు. విడవనివారు "విడవను" అని తమ పేరుతోనే చెప్పారు. గోపాలకులు కొత్తరేవుకు దారి ఇచ్చి, గట్టు పోయడానికి తమ ఎడ్లను తోలుకొచ్చారు. ఆ సంగతి విన్న ఉపశ్రవ మహర్షి కొండదిగి, ఖాళీ చేసిన పాతరేవులో అరణి మథించి అగ్నిని నిలిపి, కమండలువు వంచాడు. హిరణ్యసికత పొర్లుకొంటూ వచ్చింది. దూడలు కట్లు తెంచుకొని పరుగెత్తాయి. నావికుల ఆడవాళ్ళు మాత్రం, తాము పుట్టి పెరిగిన రేవువైపు చూసి కళ్ళు ఒత్తుకొని, బుట్టలు నెత్తినెత్తుకొని దిగువకు నడిచారు. వారిలో తారిణి కూడా ఉంది.

ఆ తరువాత కూడా మంద్రావతి సభలో చిక్కులు రాకపోలేదు, పుల్లలు గుండ్రంగా తిరగకపోలేదు. కాని అకర్తృకుడు మళ్ళీ ఆ నగరంలో కనిపించలేదని పౌరాణికులు చెబుతారు. వాడు చచ్చిపోయాడని మాత్రం ఎవరూ చెప్పరు. ఈ వృత్తాంతాన్ని భక్తితో విన్నవారికి ఏ పుణ్యలోకాలు కలుగుతాయో ఆ వాగ్దేవికే తెలియాలి. పదిమందిలో కూర్చొని, "అందరూ అలాగే అన్నారు" అనబోయిన వేళ వారి నాలుక ఒక్క క్షణం మడతపడితే, ఆ తల్లి వారిని అనుగ్రహించినట్టే.